వై-బ్రేక్ సమీక్ష: పదకొండు అంశాలు, ఐదు నిమిషాలు

కుర్చీలోంచి లేచి, ఐదు నిమిషాలు ఒళ్ళు సాగదీసి, మళ్ళీ పనిలో కూర్చోవడానికి కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారుచేయించిన క్రమం వై-బ్రేక్, అంటే యోగా బ్రేక్. ఢిల్లీలోని మొరార్జీ దేశాయ్ జాతీయ యోగా సంస్థ భాగస్వామ్యంతో 2020 జనవరిలో ఆరు మహానగరాల్లో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. 2021 సెప్టెంబరు 1న విజ్ఞాన్ భవన్‌లో అదే పేరుతో మొబైల్ యాప్ విడుదలైంది. ఆ నెలలోనే, ఉద్యోగుల చేత దీన్ని వాడించమని కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ మంత్రిత్వ శాఖలన్నిటికీ రాసింది. లేవలేనివాళ్ళ కోసం, లేచే చోటు లేనివాళ్ళ కోసం 2023లో కుర్చీలోనే చేసే రూపం వచ్చింది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, చాప అక్కర్లేదు, బట్టలు మార్చుకోనక్కర్లేదు.

పరిశీలించాల్సింది రెండు విషయాలు. మధ్యాహ్నం మూడింటికి బుర్ర మొద్దుబారి, పక్కవాళ్ళు పలకరిస్తే విసుక్కునే స్థితిలో ఉన్న మనిషిని ఈ క్రమం నిజంగా తేరుకునేలా చేస్తుందా? చేస్తే, ఐదు నిమిషాల్లో చేస్తుందా? మొదటిదానికి మా జవాబు అవును. రెండోదానికి కాదు. క్రమం చాలా తెలివిగా పేర్చారు, కానీ అందులో కుక్కిన అంశాలకు కేటాయించిన సమయం చాలదు. గడియారం చూసుకుంటూ పరుగెత్తితే, దేనికోసం లేచామో అదే దక్కదు.

సాగదీతకూ మనసుకూ సంబంధం ఏమిటో ముందు తేల్చుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. గంటన్నర కదలకుండా కూర్చుంటే తుంటి ముందువైపు కండరాలు ముడుచుకునే ఉంటాయి. ఛాతీ లోపలికి పోతుంది, భుజాలు చెవుల వైపు లేస్తాయి, తల తెర వైపు సాగుతుంది. పొట్ట నొక్కుకుపోవడంతో ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. పిక్కలకు పని లేక కాళ్ళలోని రక్తం పైకి రావడం మందగిస్తుంది. ఈ సంకేతాలన్నీ మెదడుకు చేరుతూనే ఉంటాయి. నొప్పి దాకా పోకముందే అవి మనకు చిరాకుగా, తల దిమ్ముగా, చదివిన వాక్యాన్నే మళ్ళీ చదువుతూ ఉండటంగా తెలుస్తాయి. మనసు బాగోలేదనుకునే చాలా సందర్భాల్లో ముందు బాగుచేయాల్సింది మెడా, నడుమూ, ఊపిరీ.

లేచి నిలబడగానే రక్తపోటు ఒక్క క్షణం తగ్గుతుంది. మెడ రక్తనాళాల్లోని సూక్ష్మమైన పీడన గ్రాహకాలు దాన్ని పసిగట్టి గుండె వేగాన్ని పెంచుతాయి, దాంతో మత్తు వదులుతుంది. చేతులు పైకెత్తి, మడమలు లేపి, నడుము తిప్పితే ఈ మెలకువ ఇంకాస్త గట్టిపడుతుంది. అటుమీదట ఊపిరి నెమ్మదించి, ముఖ్యంగా బయటికి వదలడం పొడవుగా సాగితే, మెదడు నుంచి గుండె దాకా వచ్చే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గి గాబరా దిగుతుంది. మొదటి సగం లేపుతుంది, రెండో సగం నెమ్మదింపజేస్తుంది. మెలకువగా ఉండి కూడా కంగారు లేని ఆ స్థితినే మనం ఏకాగ్రత అంటున్నాం. వై-బ్రేక్ బలం ఈ వరసలోనే ఉంది: పెద్ద కదలికలు ముందు, ఊపిరి తర్వాత, కదలకుండా కూర్చోవడం ఆఖర్న. ఈ వరసను తలకిందులు చేసి, భోజనం అయిన గంటకే కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెడితే నిద్ర ముంచుకొస్తుంది. యాప్ చూడకుండా గుర్తున్నవి గుర్తున్నట్టు చేసేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ఇక సమయం లెక్క. తాడాసనం, ఊర్ధ్వ హస్తోత్తానాసనం, స్కంధచక్రం, ఉత్తాన మండూకాసనం, కటిచక్రాసనం, అర్ధచక్రాసనం, ప్రసారిత పాదోత్తానాసనం, దీర్ఘశ్వాస, నాడీశోధన, భ్రామరి, ధ్యానం. మొత్తం పదకొండు. ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధనలో 4 సెకన్లు పీల్చి 6 సెకన్లు వదిలితే, రెండు శ్వాసలు కలిసిన ఒక ఆవృత్తికి 20 సెకన్లు, ఐదు ఆవృత్తులకు 100. తుమ్మెదలా ఝంకారం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరి ఒక్కోసారి 14 సెకన్ల చొప్పున ఐదుసార్లకు 70. ధ్యానానికి కనీసం ఒక నిమిషం. ఈ మూడింటికే 230 సెకన్లు పోతే ఏడు ఆసనాలకు మిగిలేది 70 సెకన్లు, అంటే ఒక్కోదానికి పది. అందులోనే రెండు పక్కలూ చేయాలి, దీర్ఘశ్వాసకు అసలు చోటే లేదు. ఒక కండరాన్ని సాగదీసి పట్టి ఉంచడానికి క్రీడావైద్యంలో సాధారణంగా చెప్పే కొలత 10 నుంచి 30 సెకన్లు. కుడివైపు అయిదు, ఎడమవైపు అయిదు సెకన్లంటే కదిలినట్టవుతుందే గానీ సాగినట్టు కాదు.

మొత్తం కావాలంటే ఎనిమిది నిమిషాలు పెట్టుకోండి. అంత కుదరదంటే క్రమాన్ని రెండు ముక్కలు చేయండి. ఉదయం పదకొండు ప్రాంతంలో నిలబడి చేసే ఏడు ఆసనాలూ, చివర అయిదు దీర్ఘశ్వాసలూ. సాయంత్రం నాలుగు లోపు తాడాసనం, చేతులెత్తి పక్కలకు వంగడం, కటిచక్రం, నాడీశోధన, భ్రామరి. రెండూ ఒక్కొక్కటి ఐదు నిమిషాల లోపే అయిపోతాయి, వరస చెడదు. ధ్యానాన్ని ఇంటికి వెళ్ళాక చేసుకున్నా నష్టం లేదు.

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం. తాడాసనంలో పాదాల మధ్య రెండు అంగుళాల దూరం చాలు. వేళ్ళు ఒకదాంట్లో ఒకటి జొనిపి, అరచేతులు బయటికి తిప్పి, ఊపిరి పీలుస్తూ చేతులు పైకి, వాటితోపాటే మడమలు పైకి. పది సెకన్లు నిలిచి, వదులుతూ దిగాలి. ఇలా మూడుసార్లు. మడమలు లేచినప్పుడు పిక్కలు బిగిసి, దిగినప్పుడు వదులవుతాయి. కాళ్ళలో నిలిచిన రక్తాన్ని పైకి తోసేది ఈ కదలికే, కాబట్టి మడమలు లేపకుండా చేతులు మాత్రమే ఎత్తేవాళ్ళు సగం లాభం వదులుకుంటున్నట్టే. ఎత్తు మడమల చెప్పులు తప్పకుండా విప్పేయాలి. తూలుతుంటే కళ్ళెదుట దూరంగా ఉన్న ఒక బిందువును చూడాలి. 20 అడుగుల అవతల ఉన్న కిటికీ చట్రాన్నో, గోడ మీది గడియారాన్నో ఎంచుకుంటే ఇంతసేపూ తెరను చూసి బిగుసుకున్న కంటి కండరాలు కూడా సడలుతాయి. కాళ్ళలో నరాలు ఉబ్బినవాళ్ళు, తల తిరిగే జబ్బున్నవాళ్ళు, గుండె సమస్య తీవ్రంగా ఉన్నవాళ్ళు మడమలు లేపకుండా చేయాలి.

చేతులు పైనే ఉంచి పక్కలకు వంగడం, అంటే ఊర్ధ్వ హస్తోత్తానాసనం, దీనికి కొనసాగింపు. ఇక్కడ చూసుకోవాల్సింది ఒక్కటే: వంగినప్పుడు ఛాతీ ముందుకు వాలకూడదు. వీపు వెనక గోడ ఉన్నట్టు అనుకుని ఆ గోడను ఒరుసుకుంటూ వంగాలి. కుడికి వంగితే ఎడమ పక్కటెముకల మధ్య లాగినట్టు తెలియాలి. అలా తెలిసేచోట పదిహేను సెకన్లు ఆగి ఊపిరి పీలిస్తే, ఉదయం నుంచి ముడుచుకున్న పక్కటెముకలు విచ్చుకుంటాయి. తర్వాత వచ్చే నాడీశోధన సాఫీగా సాగుతుందా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

స్కంధచక్రం అందరికీ వచ్చినట్టే కనిపిస్తుంది, సరిగా చేసేవాళ్ళు మాత్రం తక్కువ. వేళ్ళకొసలు భుజాల మీద ఉంచి మోచేతులతో పెద్ద సున్నా గీయాలి. ముందుకు వచ్చినప్పుడు రెండు మోచేతులూ ఛాతీ ఎదుట కలవడానికి ప్రయత్నించాలి, వెనక్కి పోయినప్పుడు వీపు రెక్కలు దగ్గరికి రావాలి. ముందుకు అయిదు, వెనక్కి అయిదు. చిన్న చిన్న సున్నాలు గబగబా పది చుడితే భుజం కీలు తిరుగుతుందే తప్ప, బిగుసుకున్న రెక్కల మధ్య భాగం కదలదు. టకటకమని చప్పుడు వచ్చినా నొప్పి లేకపోతే భయపడనక్కర్లేదు. చప్పుడుతోపాటు పొడిచినట్టు ఉంటే, లేదా చెయ్యి భుజం ఎత్తు దాటకపోతే సున్నాను చిన్నది చేసుకోవాలి. మధుమేహం ఉన్నవాళ్ళలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ కాబట్టి వాళ్ళకు ఈ మాట మరీ ముఖ్యం.

ఉత్తాన మండూకాసనాన్ని మామూలుగా వజ్రాసనంలో మోకాళ్ళు ఎడంగా పెట్టుకుని చేస్తారు. ఆఫీసులో దాని చేతుల భాగం మటుకే తీసుకుంటే సరిపోతుంది. కుడిచేతిని తల పక్కగా పైకెత్తి, మోచేతిని మడిచి, అరచేతిని ఎడమ రెక్క మీదికి తేవాలి. ఎడమచేతిని అలాగే కుడి రెక్క మీదికి. తలను ముందుకు నెట్టేయకూడదు. అది ముందుకు పోతోందంటే చెయ్యి శక్తికి మించి లాగుతున్నారని అర్థం. చెయ్యి చేరనివాళ్ళు భుజం పైభాగం మీద ఉంచినా చాలు.

కటిచక్రాసనానికి చోటు కావాలి. రెండు చేతులూ చాచినా ఏదీ తగలనంత. ఇరుకు క్యాబిన్లలో కాఫీ కప్పులూ, మానిటర్లూ పడిపోయేది ఇక్కడే. పాదాలు భుజాలకన్నా కాస్త ఎడంగా, చేతులు ఛాతీ ఎత్తున ముందుకు. ఊపిరి వదులుతూ కుడికి తిరిగి వెనక్కి చూడాలి, పీలుస్తూ మధ్యకు రావాలి, వదులుతూ ఎడమకు. పక్కకు నాలుగేసి సార్లు. తిరగాల్సింది ముఖ్యంగా నడుము పైభాగం, పక్కటెముకల ప్రాంతం. మోకాళ్ళు తిరగకూడదు. పాదాలు నేలకు అంటుకుని ఉండగా తుంటి కూడా తిరిగిపోతే ఆ మెలి అంతా మోకాలి కీలు మీద పడుతుంది. మోకాళ్ళను పిసరంత మడిచి, పిరుదులు కాస్త బిగించి పెడితే ఈ సమస్య ఉండదు. ఇంకో తప్పు విసురు. చేతుల్ని ఊయల ఊపినట్టు ఊపితే వేగానికి ఒళ్ళు తిరుగుతుంది, కండరం పనిచేయదు, డిస్కు జారిన నడుములకు ప్రమాదం కూడా. ఒక్కో మెలికకు మూడు సెకన్లు, వెనక్కి రావడానికి మూడు సెకన్లు పట్టాలి. ఈ మొత్తం క్రమంలో ఒక్క కదలికే చేసే తీరిక ఉందంటే దీన్నే చేయమంటాం. వెన్ను ముందుకూ వెనక్కీ రోజులో ఎప్పుడో ఒకప్పుడు వంగుతూనే ఉంటుంది, తెర ముందు పనిచేసేవాళ్ళకు మెలి తిరిగే అవకాశమే రాదు. పైగా తల తిప్పి గదిలో రెండో మూలను చూడటంతో, ఒకే చోట గుచ్చుకున్న చూపు విడివడుతుంది. ఒకే పని మీద చాలాసేపు ధ్యాస నిలిపినప్పుడు వచ్చే మొద్దుతనం పోవడానికి ఆ చిన్న విరామం బాగా పనికొస్తుంది.

అర్ధచక్రాసనంలో అరచేతులు నడుముకు ఆనించి వెనక్కి వాలాలి. కూర్చుని కూర్చుని ముడుచుకున్న తుంటి ముందువైపు కండరాలు విచ్చుకునేది దీనిలోనే. కానీ అందరూ మెడతో వంగుతారు. తల వెనక్కి పడేసి పైకప్పు చూడగానే వంగినట్టు అనిపిస్తుంది, నడుము మాత్రం కదిలి ఉండదు. ముందు పిరుదులు బిగించాలి, తర్వాత ఛాతీని పైకి ఎత్తాలి, ఆ తర్వాతే వెనక్కి వాలాలి. గడ్డం ఎక్కడ ఉంటే హాయిగా ఉందో అక్కడే ఉంచాలి. పది సెకన్ల చొప్పున రెండుసార్లు చాలు. కళ్ళు తిరిగే అలవాటున్నవాళ్ళు మానేయాలి. మెడ ఎముకల అరుగుదల ఉన్నవాళ్ళు తల అసలు వెనక్కి వాల్చకూడదు.

ప్రసారిత పాదోత్తానాసనం దగ్గర ఈ క్రమంతో మాకు పేచీ ఉంది. కాళ్ళు బాగా ఎడంగా పెట్టి, తుంటి దగ్గర మడిచి ముందుకు వంగి, తలను కిందికి వేలాడదీయడం దీని రూపం. తొడల వెనక భాగానికి మంచి సాగదీత, చూపుకూ ఊపిరికీ మార్పు. కానీ దీన్ని ఆఫీసు విరామంలో, అదీ అందరిచేతా చేయించడం సరికాదు. చీర కట్టుకున్నవాళ్ళకు కాళ్ళు అంత ఎడంగా పెట్టడం కుదరదు. నున్నటి టైల్స్ మీద సాక్సులతో నిలబడితే కాళ్ళు జారి గజ్జల్లో కండరం బెణుకుతుంది. భోజనం చేసిన రెండు గంటల లోపు చేస్తే పుల్లటి తేన్పులు వస్తాయి. రక్తపోటు అదుపులో లేనివాళ్ళు, గ్లాకోమా (కంటిలో పీడనం పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళు తల గుండెకంటే కిందికి దించకూడదు. రక్తపోటు మందులు వాడేవాళ్ళు ఒక్కసారిగా పైకి లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. వీటిలో ఏది మీకు వర్తించినా బల్ల అంచు పట్టుకుని, రెండు అడుగులు వెనక్కి జరిగి, వీపు నేలకు సమాంతరంగా వచ్చేదాకా వంగండి. తల చేతుల మధ్యే ఉంటుంది, తొడల వెనక సాగదీత అంతే వస్తుంది. ముప్పై సెకన్లు ఉండి, ఒక అడుగు ముందుకేసి, మోకాళ్ళు మడుస్తూ నెమ్మదిగా లేవండి. చక్రాల బల్లను పట్టుకోకండి, గోడకు ఆనుకున్న బల్లే కావాలి.

ఇక్కడితో లేపే భాగం అయిపోయింది. కూర్చుని అయిదు దీర్ఘశ్వాసలు తీసుకుంటే గుండె వేగం కుదుటపడుతుంది. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచి చూడండి, పీల్చినప్పుడు ముందు పొట్ట లేవాలి. భుజాలు లేస్తుంటే ఊపిరి ఇంకా పైపైనే ఆడుతోంది.

నాడీశోధనలో కుడిచేతి బొటనవేలు కుడి ముక్కు రంధ్రానికి, ఉంగరపు వేలు ఎడమదానికి. ఎడమతో పీల్చి కుడితో వదిలి, కుడితో పీల్చి ఎడమతో వదిలితే ఒక ఆవృత్తి. కొత్తవాళ్ళు పీల్చడం, వదలడం సమానంగా నాలుగేసి సెకన్లు పెట్టుకోవాలి. వారం తర్వాత వదలడాన్ని ఆరుకు పెంచాలి. 4, 6 లెక్కన సాగితే నిమిషానికి ఆరు శ్వాసలు అవుతాయి. మామూలుగా మనం 12 నుంచి 20 తీసుకుంటాం. నిమిషానికి ఆరు దగ్గర గుండె వేగపు ఎగుడుదిగుళ్ళు ఊపిరితో లయ కలుపుతాయి. ఊపిరి బిగబట్టడం ఇక్కడ అక్కర్లేదు. వేళ్ళతో ముక్కును చిదిమేయకండి, పక్కనుంచి ఆనిస్తే చాలు. తల ఒక పక్కకు వాలిపోవడం, మోచెయ్యి పైకి లేచి భుజం బిగుసుకోవడం సాధారణంగా కనిపించే లోపాలు. ఎడమచేతిని కుడి మోచేతి కింద ఆసరాగా పెడితే రెండూ పోతాయి. జలుబు చేసి ఒక రంధ్రం మూసుకుపోతే బలవంతంగా లాగకుండా, రెండు రంధ్రాలతోనూ అదే 4, 6 లెక్కలో తీసుకోండి. మధ్యలో గాలి చాలనట్టు అనిపించి నోటితో పెద్దగా పీల్చాల్సి వస్తే లెక్క ఎక్కువైందని గుర్తు. 3, 4కు దిగండి. బలవంతపు నెమ్మది ఆందోళనను తగ్గించదు, పెంచుతుంది. తరచూ గాబరాపడేవాళ్ళు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి.

మనసు తేలికపడటంలో ఎక్కువ పని భ్రామరిదే అని మా అభిప్రాయం. ముక్కుతో పీల్చి, బొటనవేళ్ళతో చెవి రంధ్రం ముందుండే మెత్తని మిట్టను నొక్కి, పెదవులు కలిపి, పళ్ళు తగలకుండా తుమ్మెద ఝంకారంలా ‘మ్‌’ అని పది సెకన్లు వదలాలి. శబ్దం ఉన్నంతసేపూ ఊపిరి బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి, లెక్క పెట్టుకోకుండానే వదలడం పొడవవుతుంది. నాడీశోధనలో అంకెలు తప్పిపోయేవాళ్ళకు ఇది వరం. పెదవుల మీద, బుగ్గల ఎముకల్లో సన్నని కంపనం తెలియాలి. గొంతులో గరగర వస్తే శ్రుతి తగ్గించాలి. వేళ్ళను చెవి రంధ్రంలోకి దూర్చకూడదు. చెవిపోటు, చీము, ముక్కు ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో మానేయాలి. నలుగురి మధ్య శబ్దం చేయడానికి మొహమాటపడేవాళ్ళే ఎక్కువ, అందుకే ఆఫీసుల్లో ముందు ఎగిరిపోయేది కూడా ఇదే. మీటింగ్ గది దొరికితే అక్కడికి వెళ్ళండి, లేకపోతే పక్కవాళ్ళకు వినపడనంత మెల్లగా చేసినా కంపనం తెలుస్తుంది.

ధ్యానానికి ఒక నిమిషం. కళ్ళు మూసుకుని ముక్కు కొసన ఊపిరి తాకిడిని గమనించడమే. కళ్ళు తెరిచాక వెంటనే ఫోన్ తీయకండి. లేవకముందు ఏ పని సగంలో ఆగిందో ఒక చీటీ మీద ముందే రాసి పెట్టుకుంటే, విరామం తర్వాత నేరుగా అందులోకి దిగవచ్చు. ఈ చీటీ వై-బ్రేక్‌లో లేదు, ఉండాల్సింది. విరామంలో సంపాదించిన ఏకాగ్రత ఇన్‌బాక్స్‌ తెరవగానే కరిగిపోతుంది.

కుర్చీ రూపం గురించి కొంచెం చెప్పాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు, గర్భిణులకు, కౌంటర్ వదిలి లేవలేని బ్యాంకు క్యాషియర్లకు అదే దారి. అయితే కూర్చున్న మనిషి కూర్చునే ఉంటాడు కాబట్టి, లేచి నిలబడటంతో వచ్చే ఆ మొదటి మెలకువ దీనిలో తక్కువ. దాన్ని పూడ్చడానికి మొదట్లో కూర్చునే ముప్పైసార్లు మడమలు లేపి దించండి. చక్రాల కుర్చీ అయితే వీపును గోడకో, బరువైన బల్లకో ఆనించి పెట్టుకోవాలి, లేకపోతే నడుము తిప్పేటప్పుడు కుర్చీ కూడా తిరిగి కింద పడతారు. కుర్చీ అంచుకు జరిగి, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనించడం తప్పనిసరి. పాదాలు అందకపోతే కింద రెండు లావు పుస్తకాలు పెట్టండి. గర్భిణులు నడుము మెలితిప్పడం, వెనక్కి వంగడం వదిలేసి, డాక్టరును అడిగాకే మిగతావి చేయాలి.

ఎప్పుడు చేయాలన్నది ఎలా చేయాలన్నంత ముఖ్యం. శరీరపు గడియారం వల్లే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య మెలకువ సన్నగిల్లుతుంది. అన్నం, సాంబారు, పెరుగన్నం నిండా తిన్న రోజు అది ఇంకా ఎక్కువ. కునుకు పడ్డాక లేచి చేయడం కష్టం, పడకముందే, మూడింటికల్లా లేవాలి. అమెరికా వేళలకు పనిచేసే గచ్చిబౌలి, మాదాపూర్ ఉద్యోగులకు ఈ మందగింపు మరో రూపంలో, తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు వస్తుంది. ఆ వేళలో నిలబడి చేసే భాగానికే సమయమంతా ఇచ్చి, భ్రామరి, ధ్యానం ఇంటికి చేరి పడుకునే ముందుకు వాయిదా వేసుకోవడం మేలు. రాత్రి బండి నడుపుకుంటూ ఇల్లు చేరాల్సినవాళ్ళు బయల్దేరే ముందు ఊపిరి భాగం చేయనే కూడదు.

జపాన్‌లో 1928లో మొదలైన, రేడియోలో సంగీతంతో చేయించే వ్యాయామం ఇప్పటికీ ప్రసారమవుతోంది. అక్కడి మొదటి క్రమంలో పదమూడు కదలికలుంటాయి, మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. దాంతో పోలిస్తే వై-బ్రేక్‌కు ఊపిరి భాగం అదనం, అది పెద్ద ఆధిక్యం. జపాన్‌వాళ్ళ క్రమానికి పియానో తాళం ఉంటుంది. తాళం వినిపిస్తుంటే ఎవరూ తొందరపడరు, ఎవరూ వెనకబడరు. మన క్రమానికి లోపించింది అదే. వీడియో చూస్తూ చేస్తే మెడ తెర వైపు తిరిగి ఉంటుంది. రెండుసార్లు చూసి వరస నేర్చుకున్నాక, వీడియో ఆపి, ఒకరు గట్టిగా లెక్క పెడుతుంటే మిగతావాళ్ళు చేయడం మంచి పద్ధతి.

ప్రయోగ దశలో ప్రైవేటు, ప్రభుత్వ సంస్థల నుంచి 717 మంది 15 రోజులపాటు దీన్ని చేశారు. క్రమం చేయదగ్గదేనా, నచ్చుతుందా అని తెలుసుకోవడానికి అది చాలు. నెలల తరబడి మనసు మీద ప్రభావం ఏమిటో తేల్చడానికి 15 రోజులు సరిపోవు. కాబట్టి దీని నుంచి ఆశించాల్సిందేమిటో స్పష్టంగా ఉండాలి. చేసిన వెంటనే తల తేలికవుతుంది, విసుగు తగ్గుతుంది, పని మీద ధ్యాస కాసేపు నిలుస్తుంది. ఆ కాసేపు అయ్యాక మళ్ళీ లేవాలి. మెడ నొప్పి చేతి వేళ్ళదాకా పాకితే, తిమ్మిరి ఉంటే సాగదీయడం ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, నిద్రా ఆకలీ పోతే దానికి వైద్యం కావాలి. మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరులో రోజంతా, తెలుగులో కూడా అందుతుంది, ఉచితం.

మొదలుపెట్టేవాళ్ళు మొదటి వారం తాడాసనం, పక్కలకు వంగడం, కటిచక్రం, భ్రామరి ఈ నాలుగే చేయండి. నాలుగు నిమిషాలు కూడా పట్టదు. రెండో వారం స్కంధచక్రం, నాడీశోధన కలపండి. అర్ధచక్రం, బల్ల పట్టుకుని ముందుకు వంగడం మూడో వారానికి. అలారం పెట్టుకునే పని అయితే గంట కొట్టినట్టు సరిగ్గా మూడింటికి కాకుండా 2:50కి పెట్టుకోండి. మూడింటికి మీటింగులుంటాయి.